కంటికి కనిపించని ఎరుపు

మన ఆరోగ్యం – నెల నెలా శీర్షిక

సంస్థలో ఆరోగ్య పరీక్షలు ముగిసి, నివేదికలు ఉద్యోగుల చేతికి అందిన ప్రతి పర్యాయమూ ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలలో కొన్ని మూత్ర పరీక్షను గురించినవై ఉంటున్నవి. రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ అనే మాటలు నేడు ఇంటింటా పరిచితమైనవే. ఏ అంకె దాటితే జాగ్రత్త పడవలెనో పదవ తరగతి పిల్లలు సైతం చెప్పగలరు. అయితే మూత్ర పరీక్ష కాగితంలో “ఆర్.బి.సి. 4–6” అనో, “రక్తం: 1 ప్లస్” అనో ఉన్న చిన్న పంక్తిని చూసినప్పుడు ఏమి చేయవలెనో చాలామందికి తోచదు. మూత్రం చూడటానికి తేటగానే ఉన్నది. మంట లేదు, నొప్పి లేదు. మరి రక్తం ఎక్కడి నుండి వచ్చినట్లు?

ఈ పంక్తిని చూసినవారు సాధారణంగా రెండు దారులలో ఒకదానిని పడుతున్నారు. కొందరు ఆ రాత్రి నుండే నిద్రాహారాలు మాని, తమకు ఏదో పెద్ద జబ్బు వచ్చినదని నిశ్చయించుకుంటారు. మరికొందరు “ఏ బాధా లేనప్పుడు ఎందుకీ గొడవ” అనుకొని ఆ కాగితాన్ని బీరువాలో, బీమా పత్రాల క్రింద భద్రపరుస్తారు. మొదటిది అనవసరం, రెండవది ప్రమాదకరం. ఈ పంక్తి ఒక ప్రశ్న. ప్రశ్నను చూసి భయపడవలసిన పని లేదు, అలాగని జవాబు రాకుండా వదలివేయనూ కూడదు. ఆ జవాబు కొరకు వెదకులాట ఏ క్రమంలో సాగుతుందో ఈ నెల వివరిస్తాము.

ఎంత ఉంటే ఉన్నట్లు?

మన మూత్రపిండాలలో ఒక్కొక్కదానిలో సుమారు పది లక్షల వడపోత ఘటకాలు ఉంటాయి. రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుండి వడగట్టి, అందులో అత్యధిక భాగాన్ని తిరిగి రక్తానికే అప్పగించి, లీటరున్నర నుండి రెండు లీటర్లను మాత్రమే మూత్రంగా బయటికి పంపుతాయి. ఇంత పని జరిగే చోట ఒకటి రెండు ఎర్ర కణాలు జారిపోవటం వింత కాదు. ఆరోగ్యవంతుల మూత్రంలోనూ అవి కనిపిస్తూనే ఉంటాయి.

ఒక లీటరు మూత్రంలో ఒక మిల్లీలీటరు రక్తం కలిస్తే చాలు, రంగు మారినట్లు కంటికి తెలిసిపోగలదు. అంతకంటె తక్కువైనప్పుడు సూక్ష్మదర్శినియే శరణ్యం. ప్రయోగశాలలో మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేగంగా త్రిప్పి, అడుగుకు దిగిన మడ్డిని గాజు పలకపై ఉంచి, 400 రెట్లు పెద్దదిగా చేసి చూస్తారు. అలా కంటికి అందే ఒక్కొక్క వలయాన్ని హైపవర్ ఫీల్డు అంటారు. సరిగా సేకరించిన నమూనాలో ఫీల్డుకు మూడు గాని, అంతకు మించి గాని ఎర్ర కణాలు ఉన్నప్పుడు మాత్రమే దానిని సూక్ష్మ రక్తస్రావంగా పరిగణిస్తారు. నివేదికలో “0–2” అని ఉంటే ఆందోళనకు తావు లేదు.

“1 ప్లస్”, “2 ప్లస్” అనే గుర్తులు వేరు. అవి మూత్రంలో ముంచి తీసే రసాయన పట్టీ రంగు మారటాన్ని బట్టి వేసేవి. ఈ పట్టీ కణాలను చూడలేదు; రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ అనే పదార్థాన్ని పసిగట్టి రంగు మారుతుంది. కండరాలు నలిగినప్పుడు వెలువడే మయోగ్లోబిన్‌లోనూ హీమ్ ఉన్నది గనుక, అటువంటప్పుడు మూత్రంలో ఒక్క ఎర్ర కణం లేకున్నా పట్టీ “ఉన్నది” అనవచ్చును. విటమిన్ సి మాత్రలు ఎక్కువగా వాడేవారిలో, కణాలు ఉన్నప్పటికీ “లేదు” అనవచ్చును. కాబట్టి పట్టీ మాట ప్రాథమిక సమాచారం మాత్రమే. సూక్ష్మదర్శిని క్రింద కణాలను లెక్కించిన తరువాతనే తదుపరి పరీక్షల ఆలోచన చేయవలెను.

నమూనా ఇచ్చే పద్ధతి

చాలా సందర్భాలలో చిక్కు మూత్రపిండాలలో ఉండదు, సీసాలో ఉంటుంది. నమూనా ఇచ్చే ముందు ఆ భాగాన్ని నీటితో శుభ్రపరచుకొని, మొదటి ధారను వదలివేసి, నడిమి ధారను మాత్రమే శుభ్రమైన సీసాలో పట్టవలెను. దానిని గంట, మహా అయితే రెండు గంటలలోపుగా పరీక్షించవలెను. ఉదయం ఇంట్లో పట్టిన సీసాను షిఫ్టు బస్సులో తెచ్చి మధ్యాహ్నం ప్రయోగశాలలో ఇస్తే, ఈలోగా ఎర్ర కణాలు పగిలి కరిగిపోయి, ఉన్న రక్తం లేనట్లు తేలవచ్చును.

స్త్రీలు నెలసరి రోజులలో ఈ పరీక్ష చేయించుకొనకూడదు. ఆ సంగతి సిబ్బందికి చెప్పి మరొక రోజు రావటంలో సంకోచం అక్కరలేదు. దూరపు పరుగు, బరువులెత్తే వ్యాయామం వంటివాటి తరువాత కూడా కొద్దిపాటి కణాలు కనిపించి, రెండు మూడు రోజుల విశ్రాంతితో వాటంతట అవే పోతాయి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నట్లయితే కల్చర్ పరీక్షతో దానిని నిర్ధారించి, చికిత్స పూర్తయిన పిమ్మట తిరిగి మూత్ర పరీక్ష చేయవలెను. ఈ చివరి మెట్టును మరువరాదు. ఇన్‌ఫెక్షన్ నయమైన తరువాత కూడా కణాలు కనిపిస్తే, వాటికి కారణం ఇన్‌ఫెక్షన్ కాదన్నమాట.

ఒకే పంక్తి, ముగ్గురు మనుషులు

విషయం సులభంగా బోధపడటానికి ముగ్గురు ఉద్యోగులను ఊహించుకొందాము. ముగ్గురి కాగితాలలోనూ “ఆర్.బి.సి. 6–8” అనే ఉన్నదనుకొందాము.

మొదటివారు 26 ఏళ్ళ ట్రైనీ ఇంజనీరు. పొగ త్రాగే అలవాటు లేదు. పరీక్షకు ముందురోజు సంస్థ క్రీడాపోటీలలో 5 కిలోమీటర్ల పరుగులో పాల్గొన్నారు. రక్తపోటు సరిగానే ఉన్నది. మూత్రంలో ప్రోటీన్ లేదు.

రెండవవారు 58 ఏళ్ళ ఫోర్‌మన్. పెయింట్ షాపులో చిరకాలం పనిచేశారు. ముప్ఫై రెండేళ్ళుగా రోజుకు ఒక పెద్ద పెట్టె, అంటే 20 సిగరెట్లు కాలుస్తున్నారు. ఏ బాధా లేదు.

మూడవవారు 34 ఏళ్ళ అకౌంట్స్ ఉద్యోగి. పొగ అలవాటు లేదు. రక్తపోటు 150/100 ఉన్నది. అదే కాగితంలో, ఆ పంక్తికి పైన “ప్రోటీన్: 2 ప్లస్” అని ఉన్నది. సాయంత్రానికి పాదాలు కొద్దిగా వాస్తున్నవని ఆయన భార్య గమనించారు.

పంక్తి ఒకటే అయినా ఈ ముగ్గురూ నడవవలసిన దారులు వేరు. మొదటివారు విశ్రాంతి తీసుకొని మరల పరీక్ష చేయించుకుంటే చాలు. రెండవవారు యూరాలజిస్టును ఆలస్యం లేకుండా కలవవలెను. మూడవవారు వెళ్ళవలసినది మూత్రపిండ వ్యాధుల నిపుణుని, అనగా నెఫ్రాలజిస్టు వద్దకు. నివేదికలో ఒక పంక్తిని మాత్రమే చూసి పొరుగువారి అనుభవంతో పోల్చుకోకూడదని మేము పదే పదే చెప్పటానికి కారణం ఇదే.

వడపోతలోనా, దారిలోనా?

రక్తం వచ్చే చోట్లను స్థూలంగా రెండుగా విభజించవచ్చును. మొదటిది వడపోత జల్లెడ. రెండవది జల్లెడను దాటిన తరువాత మూత్రం ప్రయాణించే దారి: మూత్రపిండపు గిన్నె, మూత్రనాళాలు, మూత్రాశయం, పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి, చివరి మార్గం.

జల్లెడ దెబ్బతిన్నప్పుడు ఎర్ర కణాలు ఇరుకైన పగుళ్ళగుండా దూరి రావలసి ఉంటుంది. ఆ ప్రయాణంలో అవి నలిగి, బుడిపెలు కట్టి, వికృతాకారం పొందుతాయి. దారిలో ఎక్కడో రక్తనాళం చిట్లి కలిసిన కణాలు మాత్రం గుండ్రంగానే ఉంటాయి. ఈ తేడాను చూసి రక్తపు మూలాన్ని పోల్చుకోవచ్చునని ఆస్ట్రేలియా వైద్యులు బర్చ్, ఫెయిర్లీ 1979లో ప్రకటించారు. నలిగిన కణాలతోపాటు, గొట్టాలలో పోతపోసినట్లుండే ఎర్ర కణాల అచ్చులు కనిపించినా, ప్రోటీన్ పోతున్నా, రక్తంలో క్రియాటినిన్ పెరిగినా, రక్తపోటు హెచ్చినా చూపు జల్లెడవైపు మళ్ళించవలెను. పైన చెప్పిన మూడవ ఉద్యోగి ఈ కోవకు చెందినవారే.

జల్లెడ జబ్బులలో ముఖ్యమైనది ఐజిఎ నెఫ్రోపతి. దీనిని 1968లో పారిస్ వైద్యులు బెర్జే, ఆంగ్లే తొలిసారి వర్ణించారు. యుక్తవయస్కులలో జలుబు, గొంతునొప్పి వచ్చిన ఒకటి రెండు రోజులకే మూత్రం ఎర్రబడటం దీని గుర్తు. చాలామందిలో ఆ గుర్తు కూడా లేకుండా మూత్ర పరీక్షలోనే బయటపడుతుంది. పిల్లలలో గొంతు ఇన్‌ఫెక్షన్ గాని, చర్మంపై పుండ్లు గాని వచ్చిన ఒకటి నుండి ఆరు వారాలకు ముఖం ఉబ్బి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తే అదే రోజు వైద్యునికి చూపించవలెను. తల్లిదండ్రులలో, తోబుట్టువులలో మూత్రపిండ వ్యాధి, దానితోపాటు చిన్ననాటి నుండి వినికిడి లోపం ఉన్నట్లయితే ఆ సంగతి తప్పక చెప్పవలెను. ఆల్పోర్ట్ వ్యాధి వంటి వంశపారంపర్య జబ్బులకు అది ఆనవాలు. సికిల్‌సెల్ లక్షణం వారసత్వంగా ఉన్నవారిలోనూ మూత్రంలో రక్తం పడవచ్చును. మన గనులు, ప్రాజెక్టులు ఉన్న గిరిజన ప్రాంతాల కుటుంబాలు దీనిని గుర్తుంచుకోవటం మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మూత్రంలో రక్తం లేనంత మాత్రాన మూత్రపిండాలు భేషుగ్గా ఉన్నవని చెప్పలేము. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న మూత్రపిండ వ్యాధిలో చాలామందికి మూత్ర పరీక్షలో రక్తం గాని, చెప్పుకోదగిన ప్రోటీన్ గాని కనిపించదు. అక్కడ వ్యాధి క్రియాటినిన్ పరీక్షతోనే బయటపడుతున్నది. అందువలన ఆ ప్రాంతం నుండి వచ్చిన మన ఉద్యోగులు, వారి కుటుంబాలవారు మూత్ర పరీక్షతోపాటు క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించుకోవలెను.

దారిలోని కారణాలు

దారిలో వచ్చే రక్తానికి సాధారణ కారణాలు రాళ్ళు, ఇన్‌ఫెక్షన్, పురుషులలో వయసుతో పెరిగే ప్రోస్టేట్ గ్రంథి. మండుటెండలో, కొలిమి సెగలో పనిచేసేవారు తగినంత నీరు త్రాగకపోతే రాళ్ళు ఏర్పడే అవకాశం ఎక్కువ. అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో మూత్రపిండంలోని రాయి తెలుస్తుంది గాని, మూత్రనాళంలో ఇరుక్కున్న చిన్న రాయి కొన్నిసార్లు కనబడదు. అనుమానం బలంగా ఉంటే సి.టి. స్కాన్ అవసరమవుతుంది.

మన దేశంలో మరువకూడని మరొక కారణం మూత్రావయవాల క్షయ. ఊపిరితిత్తులలో ఏమీ లేకున్నా ఈ వ్యాధి ఉండవచ్చును. మూత్రంలో చీము కణాలు, ఎర్ర కణాలు ఉండి, సాధారణ కల్చర్‌లో ఏ క్రిమీ పెరగకపోతే దీనిని అనుమానించవలెను. వరుసగా మూడు నుండి అయిదు రోజులు తెల్లవారుజామున తొలి మూత్రాన్ని సేకరించి క్షయ క్రిమి కొరకు పరీక్షిస్తారు. డెప్యుటేషన్‌పై ఆఫ్రికా దేశాలకు వెళ్ళి అక్కడి చెరువులలో, నదులలో స్నానాలు చేసి వచ్చినవారు ఆ సంగతిని కూడా వైద్యునికి చెప్పవలెను. మూత్రాశయాన్ని ఆశ్రయించే షిస్టోసోమా అనే పరాన్నజీవి ఆ నీటి ద్వారానే శరీరంలో ప్రవేశిస్తుంది.

పొగ, వృత్తి, మూత్రాశయం

అందరి మనసులోనూ మెదిలే మాట కాన్సర్. దానిని దాచి ప్రయోజనం లేదు. సూక్ష్మ రక్తస్రావం కనిపించి పరీక్షలు చేయించుకొన్నవారిలో కాన్సర్ తేలేది నూటికి సుమారు ముగ్గురికి అని విదేశాల అనుభవం చెబుతున్నది. తొంభై ఏడుగురికి అది కాదు. కాని ఆ ముగ్గురికీ జబ్బు తొలి దశలో దొరికితే, మూత్రమార్గం గుండానే కణితిని తొలగించి, మూత్రాశయాన్ని కాపాడే అవకాశం ఉంటుంది. కండర పొరలోనికి పాకిన తరువాత దొరికితే చాలాసార్లు మూత్రాశయాన్నే తీసివేయవలసి వస్తుంది. పరీక్షల ప్రయోజనమంతా ఈ తేడాలోనే ఉన్నది.

మూత్రాశయ కాన్సర్‌కు ప్రధాన కారణం పొగాకు పొగ. “పొగ ఊపిరితిత్తులకు కదా, మూత్రాశయానికేమి?” అని అడిగేవారున్నారు. పొగలోని విషపదార్థాలు ఊపిరితిత్తుల ద్వారా రక్తంలో కలుస్తాయి. మూత్రపిండాలు వాటిని వడగట్టి మూత్రంలోనికి పంపుతాయి. మూత్రం గంటల తరబడి నిలిచి ఉండేది మూత్రాశయంలోనే గనుక, దాని లోపలి పొర ఆ విషంలో నానుతూ ఉంటుంది. సిగరెట్టు కాదు బీడీ అనో, బీడీ కాదు చుట్ట అనో ఊరట చెందటానికి వీలు లేదు.

రెండవ కారణం వృత్తి. ఇది మన వంటి పారిశ్రామిక కుటుంబానికి సంబంధించిన విషయం. 1895లో లుడ్విగ్ రేన్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు ఫ్రాంక్‌ఫర్ట్ ప్రాంతంలోని రంగుల కర్మాగారంలో పనిచేసేవారికి మూత్రాశయంలో కణితులు వస్తున్నట్లు గుర్తించి వెల్లడించాడు. వృత్తికి, కాన్సర్‌కు గల సంబంధాన్ని చాటిన తొలి పరిశీలనలలో అది ఒకటి. బీటా నాఫ్తిలమైన్, బెంజిడీన్ వంటి రసాయనాలు అందుకు కారణమని తరువాతి కాలంలో తేలింది. కొన్ని రకాల రంగుల తయారీ, రబ్బరు పరిశ్రమ, అల్యూమినియం ఉత్పత్తి, పెయింటింగ్ పనులను మూత్రాశయ కాన్సర్‌తో సంబంధం ఉన్న వృత్తులుగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ గుర్తించింది.

ఇందులో గమనించవలసినది కాలవ్యవధి. రసాయనం తగిలిన ఏడాదికో, రెండేళ్ళకో జబ్బు రాదు. ఇరవై ఏళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది. అంటే ఉద్యోగంలో ఉన్నప్పుడు పడిన బీజం పదవీ విరమణ తరువాత మొలకెత్తవచ్చును. కాబట్టి విశ్రాంత ఉద్యోగులు ఏ ఊరిలో, ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా “రిటైరయ్యాను” అని ఊరుకోకుండా, ఏ షాపులో, ఏ పనిలో, ఎన్నేళ్ళు ఉన్నారో చెప్పవలెను. తండ్రిగారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళే పిల్లలకు ఆ వివరాలు తెలిసి ఉండటం ఇంకా మంచిది.

ఎవరికి ఏ పరీక్ష?

అందరికీ అన్ని పరీక్షలూ అవసరం లేదు. అమెరికా యూరాలజీ సంఘం 2020లో వెలువరించి 2025లో సవరించిన మార్గదర్శకాలు రోగులను ప్రమాద స్థాయిని బట్టి మూడు తరగతులుగా విభజించాయి. వయసు నలభై లోపు పురుషులు (స్త్రీలకు ఈ పరిమితి మరికొంత ఎక్కువ), పొగ అలవాటు లేనివారు లేక బహు కొద్దిగా ఉన్నవారు, కణాల సంఖ్య 3 నుండి 10 లోపు ఉన్నవారు, ఇతర ప్రమాద హేతువులు లేనివారు – ఇవన్నీ కలిసివచ్చిన వారిది తక్కువ ప్రమాదం. వారికి ఆరు నెలలలోపు మరల మూత్ర పరీక్ష చేస్తే సరిపోతుంది. ఆ పరీక్షలోనూ కణాలు కనిపిస్తే వారిని పై తరగతిలో చేర్చి చూస్తారు.

అరవై దాటిన పురుషులు, రోజుకు 20 సిగరెట్ల చొప్పున ముప్ఫై ఏళ్ళకు మించి కాల్చినవారు, ఫీల్డుకు 25కు మించి కణాలు ఉన్నవారు, ఇంతకు మునుపు ఎప్పుడైనా మూత్రంలో కంటికి కనిపించే రక్తం పడినవారు – వీరిలో ఏ ఒక్కటి ఉన్నా అది ఎక్కువ ప్రమాదం. వీరికి సిస్టోస్కోపీ, సి.టి. యూరోగ్రామ్ రెండూ అవసరం. మన ఫోర్‌మన్ గారు వయసును బట్టి కాకపోయినా, సిగరెట్లను బట్టి ఈ తరగతిలోనివారే. ఈ రెంటికీ నడుమ ఉన్నవారికి సాధారణంగా సిస్టోస్కోపీ, మూత్రపిండాల అల్ట్రాసౌండ్ సరిపోతాయి.

సి.టి. యూరోగ్రామ్‌కు రక్తనాళంలోనికి కాంట్రాస్టు మందు ఎక్కిస్తారు గనుక ముందుగా క్రియాటినిన్ చూడవలెను. గర్భిణులు, మునుపు ఆ మందు పడనివారు, మెట్‌ఫార్మిన్ వాడుతున్న మధుమేహ రోగులు ఆ సంగతి ముందే తెలుపవలెను.

సిస్టోస్కోపీ అనే భయం

అనేకులు ఈ ఒక్క పరీక్షకు జంకి ఆగిపోతున్నారు. అడగటానికి బిడియం, చేయించుకోవటానికి భయం. మూత్రాశయంలోనికి దీపం పంపి లోపలి గోడలను కళ్ళారా చూడవచ్చునని 1879లో జర్మన్ వైద్యుడు మాక్స్ నీట్సే వియన్నాలో చూపించినప్పుడు అది బిరుసైన లోహపు గొట్టం. నేడు సన్నని, వంగే గొట్టం వాడుకలో ఉన్నది. మొద్దుబారే జెల్లీని మార్గంలోనికి ఎక్కించి, కొద్ది నిమిషాలలో చూడటం ముగిస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు. ఒకటి రెండు రోజులు మూత్రంలో మంట, కొద్దిపాటి ఎరుపు ఉండవచ్చును. నీరు ఎక్కువగా త్రాగితే తగ్గుతుంది. జ్వరం వచ్చినా, మూత్రం బిగిసినా వెంటనే ఆసుపత్రికి రావలెను.

“స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు, ఇక ఇదెందుకు?” అన్నది తరచుగా వినే ప్రశ్న. మూత్రాశయపు గోడకు అంటుకొని ఉండే చిన్న కణితులు, చదునుగా వ్యాపించే మచ్చలు స్కానింగ్‌కు దొరకకపోవచ్చును. కంటితో చూడటానికి సాటి వచ్చే పరీక్ష ఇప్పటికీ లేదు.

గృహిణులకు ప్రత్యేకంగా

మూత్రాశయ కాన్సర్ పురుషులలోనే ఎక్కువ. అయితే స్త్రీలలో దానిని గుర్తించటం ఆలస్యమవుతున్నది. కారణం సులభంగానే ఊహించవచ్చును. మూత్రంలో రక్తకణాలు కనిపించగానే “ఇన్‌ఫెక్షన్” అని ఒక కోర్సు మాత్రలు ఇస్తారు. ఆరు నెలలకు మరల అదే, మరల మాత్రలే. కల్చర్ చేయరు; మాత్రల తరువాత తిరిగి మూత్ర పరీక్ష చేయరు. ఇంటిల్లిపాది మందులనూ వేళకు అందించే ఇల్లాలు తన కాగితాన్ని మాత్రం వంటింటి అలమరలో పెట్టి మరచిపోతుంది. ఆధారపడిన కుటుంబ సభ్యులకు సంస్థ కల్పించిన వైద్య సదుపాయం ఉద్యోగికి ఉన్నంతే ఆమెకూ వర్తిస్తుంది. ఒకటికి రెండుసార్లు ఇన్‌ఫెక్షన్ అని మందులు వాడినవారు “కల్చర్‌లో క్రిమి కనిపించిందా? మందుల తరువాత మూత్రంలో కణాలు పోయాయా?” అని అడిగి తెలుసుకోవలెను. భార్య అడగటానికి మొగమాటపడితే భర్త అడగవలెను.

మందులను నిందించవద్దు

గుండె జబ్బుకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తం పలుచబరచే మందులు వాడేవారు “ఆ మందు వల్లనే రక్తం” అని తమకు తామే తీర్పు చెప్పుకుంటున్నారు. ఇది పొరపాటు. ఆ మందులు వాడేవారికి కూడా తక్కినవారితో సమానంగా పరీక్షలు జరగవలెను. ఎక్కడో ఉన్న చిన్న పుండును ఆ మందు బయటపెట్టి ఉండవచ్చును గదా! మరొక సంగతి: మూత్రంలో రక్తం ఉన్నదని ఆ మందులను సొంతంగా ఆపివేయటం ప్రాణాపాయం. వైద్యుడు చెప్పనిదే ఒక్క మాత్ర కూడా మానరాదు.

ఏమీ దొరకకపోతే?

అన్ని పరీక్షలూ చేసినా కారణం దొరకనివారు ఎందరో ఉన్నారు. “డబ్బు, సెలవులు వృథా” అని వారు నిట్టూరుస్తారు. వృథా కాదు. ప్రమాదకరమైనవి లేవని తేలటమే ఆ పరీక్షల ఫలం. అటువంటివారు ఏడాదిలోపు మరల ఒకసారి మూత్ర పరీక్ష చేయించుకోవలెను. అప్పుడు కణాలు లేకపోతే ఆ విషయాన్ని అంతటితో ముగించవచ్చును. కొనసాగుతూ ఉంటే రక్తపోటు, ప్రోటీన్, క్రియాటినిన్ గమనించుకొంటూ, తదుపరి పరీక్షల అవసరాన్ని వైద్యునితో కూర్చొని నిర్ణయించుకోవలెను.

దీనికి విరుద్ధంగా, కంటికి కనిపించే ఎరుపు ఒక్కసారి వచ్చినా, నొప్పి లేకుండా వచ్చినా, మరునాటికి దానంతట అదే తగ్గినా నిర్లక్ష్యం పనికిరాదు. మూత్రాశయ కణితి రోజూ రక్తం కార్చదు. ఒకనాడు కార్చి, నెలల తరబడి ఊరుకొంటుంది. రక్తం ఆగటం, జబ్బు నయం కావటం ఒకటి కాదు. బీట్‌రూట్ తిన్నప్పుడు, క్షయకు రిఫాంపిసిన్ వాడేటప్పుడు మూత్రం రంగు మారుతుందన్నది నిజమే. అయినా ఆ నిర్ణయం మూత్ర పరీక్ష చేయవలెను, మనము కాదు.

ఇప్పుడు చేయవలసినవి

1. ఈ పర్యాయం వచ్చిన నివేదికను బయటికి తీసి, మూత్ర పరీక్ష పుటను చదవండి. ఎర్ర కణాలు మూడు గాని, అంతకు మించి గాని ఉన్నాయేమో చూడండి.

2. పట్టీపై “ప్లస్” మాత్రమే ఉంటే సూక్ష్మదర్శిని పరీక్ష అడగండి.

3. కణాలు ఉన్నట్లయితే అదే కాగితంలో ప్రోటీన్‌ను, దానితోపాటు రక్తపోటును, క్రియాటినిన్‌ను కలిపి చూపించండి.

4. పొగ అలవాటు, చేసిన పనులు, వాడే మందులు, కుటుంబంలోని మూత్రపిండ వ్యాధులు ఒక చీటీపై వ్రాసుకొని వైద్యుని వద్దకు వెళ్ళండి.

5. గత సంవత్సరాల నివేదికలను పారవేయవద్దు. “ఇది క్రొత్తదా, పాతదా?” అన్న ప్రశ్నకు అవే జవాబు.

6. పొగ త్రాగేవారు పరీక్షల ఫలితం కొరకు వేచి ఉండకుండా నేడే మానండి.

రోజూ మనము యంత్రాలతో పనిచేసేవారము. పంపు గ్లాండు వద్ద నాలుగు చుక్కల నూనె కనిపిస్తే గుడ్డతో తుడిచి వెళ్ళిపోయే ఫిట్టరును మనలో ఎవరూ మెచ్చుకోరు. అలాగని నాలుగు చుక్కలు చూసి ప్లాంటు మొత్తం ఆపివేయమని కేకలు వేసేవానినీ మెచ్చుకోరు. ఎక్కడి నుండి కారుతున్నదో చూసి, పుస్తకంలో వ్రాసి, మరునాటి షిఫ్టువారికి చెప్పి వెళ్ళేవాడే మంచి పనివాడు. ఆ శ్రద్ధలో సగమైనా మన శరీరం పట్ల చూపవలెనని కోరుతూ, ఈ నెలకు సెలవు తీసుకొంటున్నాము.